కుక్కపిల్ల ఎక్కిళ్ళు: ఊరుకుందామా, చూద్దామా?

అక్క: కుక్కపిల్లకి ఎక్కిళ్ళు వస్తే మనం చెయ్యాల్సిందేమీ లేదు. తేలిగ్గా తీసిపారేసి అంటున్న మాట కాదిది. పాలు తాగి, గంతులేసి, అలసిపోయి పడుకోబోయే రెండు నెలల పిల్లకి ఎక్కిళ్ళు రాకపోతేనే వింత. ఛాతీకీ పొట్టకీ మధ్య అడ్డంగా పరుచుకుని డయాఫ్రం అనే కండరం ఉంటుంది కదా, అది ఉన్నట్టుండి ముడుచుకుంటుంది. గాలి ఒక్కసారిగా లోపలికి దూసుకొస్తుంది. ఆ వెంటనే గొంతులో స్వరతంత్రుల మధ్య దారి టక్కున మూసుకుపోతుంది. మనుషుల్లో కొలిచి చూస్తే ఈ రెంటికీ మధ్య వ్యవధి దాదాపు 35 మిల్లీసెకన్లు. మనకి వినపడే 'హిక్' ఆ మూసుకోవడంలో పుట్టేదే. మెడ నుంచి డయాఫ్రానికి దిగే ఫ్రెనిక్ నాడి, పొట్టలో సంగతులు మెదడుకి చేరవేసే వేగస్ నాడి, మెదడు కాండం, ఈ మూడూ కలిసి నడిపే వ్యవహారం ఇది. గబగబా తాగి పొట్ట ఉబ్బినా మొదలవుతుంది, సంతోషం పట్టలేక ఇల్లంతా పరుగెత్తినా మొదలవుతుంది. కాసేపటికి దానంతటదే పోతుంది. ఎదిగేకొద్దీ తగ్గిపోతుంది. పెద్ద కుక్కలో ఎప్పుడో గానీ కనపడదు.

తమ్ముడు: నువ్వు చెప్పినదాంట్లో తప్పేమీ లేదక్కా. కాకపోతే నువ్వు మాట్లాడుతున్నది ఎక్కిళ్ళ గురించి. నాకు పట్టుకున్న బెంగ, మనం ఎక్కిళ్ళని పేరు పెట్టేసిన వాటి గురించి. కుక్కపిల్ల వచ్చి నాకు ఎక్కిళ్ళు వస్తున్నాయని చెప్పదు. దాని ఒళ్ళు అదురుతుంది, గొంతులోంచి ఏదో చప్పుడొస్తుంది. చూసినవాళ్ళు ఎక్కిళ్ళు అంటారు. ఆ పేరు పెడుతున్నది ఎవరు? జన్మలో మొదటిసారి కుక్కపిల్లని ఇంటికి తెచ్చుకున్నవాళ్ళు. పేరు తప్పయితే ఊరుకోమన్న నీ సలహా అక్కడే తప్పిపోయింది.

అక్క: పోల్చుకోవడం అంత కష్టమా? పక్కన నేలమీద కూర్చుని చూడు. ఆఖరి పక్కటెముక వెనకాల, పొట్ట మొదలయ్యే చోట చర్మం ఒక్క లాగు లోపలికి పోతుంది. తల రవ్వంత ఎగురుతుంది. చిన్న చప్పుడొస్తుంది, కొన్నిసార్లు అదీ రాదు. కొన్ని సెకన్లు ఏమీ ఉండదు, మళ్ళీ అదే లాగు. ఈ మధ్యలో పిల్ల ఏం చేస్తోందో చూడు. చెప్పు కొరుకుతూనే ఉంటుంది. పిలిస్తే తోకాడిస్తుంది. చిగుళ్ళు గులాబీ రంగులో ఉంటాయి. ఊపిరి ఎక్కడా అడ్డుపడదు. కళ్ళు మూతలు పడుతున్నా ఎక్కిళ్ళు వస్తూనే ఉంటాయి, వాటితోనే నిద్రలోకి జారిపోతుంది. ఏదైనా బాధ ఉంటే అది చెప్పు వదిలేసి మూలకి పోయి ముడుచుకుంటుంది.

తమ్ముడు: నిద్రలోనూ వస్తాయన్నావు. అక్కడే ఆగు. డిస్టెంపర్ పట్టిన పిల్లని నువ్వూ చూసే ఉంటావు. ముందు కళ్ళలో పుసి, ముక్కు కారడం, జ్వరం. అవి తగ్గుముఖం పడితే ఇంట్లోవాళ్ళు గండం గడిచిందనుకుంటారు. కొన్ని వారాలు పోయాక ఒక కాలో, దవడో, పొట్ట కండరాలో లయగా ఎగరడం మొదలవుతుంది. పిల్ల ఒళ్ళెరగకుండా నిద్రపోతున్నా ఆ ఎగరడం ఆగదు. వైరస్ మెదడునీ వెన్నుపామునీ పట్టుకుందని దానర్థం. గుమ్మం దగ్గర నిలబడి చూసినవాళ్ళకి అది ఎక్కిళ్ళలాగే కనపడుతుంది. పాపం ఎక్కిళ్ళు, అదే తగ్గిపోతుందిలే అంటారు. మన ఊళ్ళలో టీకా వేయించని పిల్లలు ఎన్ని ఉన్నాయో నీకు నేను చెప్పక్కర్లేదు.

అక్క: ఎక్కిలి పొట్ట దగ్గర పుట్టి తల దాకా పోతుంది, గొంతు కలుస్తుంది. డిస్టెంపర్ అదురు ఒక్కచోటే ఎగురుతుంది, గొంతుతో దానికి పని లేదు. చూడ్డం నేర్పితే తేడా తెలుస్తుంది.

తమ్ముడు: చూడ్డం నేర్పితే. నేనంటున్నదీ అదే. చెయ్యాల్సిందేమీ లేదు అన్న మాటతో మొదలుపెడితే ఇంక చూసేదెవరు? పురుగుల సంగతి తీసుకో. ఏలికపాములు కుక్కపిల్లకి బయటినుంచి అంటక్కర్లేదు, తల్లి కడుపులో ఉండగానే వచ్చేస్తాయి. లార్వాలు కాలేయం మీదుగా ఊపిరితిత్తుల్లోకి పోతాయి, అక్కణ్ణించి గొంతులోకి ఎక్కి, మింగినప్పుడు మళ్ళీ పేగుల్లోకి దిగుతాయి. ఆ దారిలో పిల్లకి దగ్గొస్తుంది. ఇంత పిల్ల దగ్గు పెద్ద కుక్క దగ్గులా ఖంగుమనదు, చిన్న కుదుపులా ఉంటుంది. అందుకే రెండు వారాల వయసులో మొదలుపెట్టి, ఎనిమిది వారాలు నిండేదాకా రెండేసి వారాలకోసారి నట్టల మందు వెయ్యమంటారు. తెచ్చుకున్న పిల్లకి ఆ మందు ఒక్కసారైనా పడిందో లేదో ఎంతమందికి తెలుసు?

ఇంకోటి కూడా ఉంది. అది చెప్పాలంటే నాకే భయం. రేబిస్ సోకిన కుక్కపిల్లలన్నీ మీదపడి కరవవు. కొన్ని స్తబ్ధుగా ఉంటాయి. దవడ జారిపోతుంది, మింగలేవు, చొంగ కారుతుంది, గొంతులో ఏదో ఇరుక్కున్నట్టు కక్కబోతుంటాయి. ఎముక అడ్డం పడిందనుకుని మనిషి నోట్లో చెయ్యి పెడతాడు. చెయ్యి పెట్టినవాడు మంచివాడే. ఆ మంచితనమే వాడి ప్రాణం మీదికి తెస్తుంది.

అక్క: రేబిస్ మాట దగ్గర నేను వాదించను. పిల్ల మింగలేకపోతున్నా, దవడ వేలాడినా నోట్లో చెయ్యి పెట్టకూడదు, తిన్నగా డాక్టరు దగ్గరికే పోవాలి. చెయ్యి పెట్టేసిన మనిషి ఆ చేతిని సబ్బుతో బాగా కడుక్కుని, పొద్దుపోయేలోగా టీకాకి పోవాలి. ఇది ప్రతి ఇంటికీ తెలియాలి. నువ్వు చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజం.

అయితే భయం అక్కడితో ఆగదు తమ్ముడూ. భయపడ్డ మనిషి ఊరికే కూర్చోలేడు, చేతికి ఏదో పని కావాలి. పసిపిల్లలకి ఎక్కిళ్ళొస్తే తడిపిన నూలుపోగు నుదుట పెట్టిన ఇళ్ళు మనవి. పేగు పెరుగుతోందనేవాళ్ళు, ఎవరో తలుచుకుంటున్నారనేవాళ్ళు. అందులో నిజమెంతో తర్వాత, దానివల్ల ఎవరికీ చెరుపు లేదు. పోగు పెట్టి ఎదురుచూసేవాళ్ళు, ఆ ఎదురుచూపులోనే ఎక్కిళ్ళు పోయేవి. ఇప్పుడు ఆ ఓపిక పోయింది. కుక్కపిల్లని ఒళ్ళో వెల్లకిలా పడుకోబెట్టి, చంటిపిల్లకి పట్టినట్టు సీసాతో నీళ్ళో పాలో పడతారు. పిల్ల తల్లి దగ్గర పాలు తాగేది బోర్లా పడుకుని, మెడ ముందుకి చాచి. వెల్లకిలా పట్టిన పాలు ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఎక్కిళ్ళు వస్తున్నప్పుడైతే మరీ ప్రమాదం, ఒక్కో ఎక్కిలికీ గాలి లోపలికే లాక్కుంటుంది కదా, నోట్లో ఉన్నది కూడా దాంతోపాటు పోతుంది. ఎక్కిళ్ళు ఏ పిల్ల ప్రాణమూ తియ్యవు. పాలు పోయి పట్టే న్యుమోనియా తీస్తుంది.

తమ్ముడు: ఒప్పుకుంటున్నాను.

అక్క: ఇంకా విను. పీనట్ బటర్ నాకిస్తే ఎక్కిళ్ళు తగ్గుతాయని ఎవరో చెప్తారు. చక్కెర లేనిదని కొన్న డబ్బాలో జైలిటాల్ ఉండొచ్చు. మనకి అదొక తీపి, కుక్క ఒంట్లో అది ఇన్సులిన్ని ఒక్కసారిగా పెంచి రక్తంలో చక్కెరని పడగొట్టేస్తుంది. ఇంకొకరు మనుషుల మందుల దాకా పోతారు. మనుషుల్లో ఎంతకీ తగ్గని ఎక్కిళ్ళకి డాక్టర్లు రాసే మందుల్లో బాక్లోఫెన్ ఒకటి. తాతగారి ఎక్కిళ్ళు దాంతో తగ్గాయి కాబట్టి పిల్లకి పావు బిళ్ళ వేద్దామనుకుంటే, కుక్కలకి అది విషంతో సమానం, కొద్ది మోతాదుకే స్పృహ తప్పి ఊపిరి ఆగేదాకా పోవచ్చు. బెదరగొడితే తగ్గుతాయని పిల్ల వెనక పళ్ళెం మోగించేవాళ్ళున్నారు. మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా కుక్కపిల్ల లోకాన్ని నమ్మడం నేర్చుకునే కాలం. అమెరికాలో స్కాట్, ఫుల్లర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఏళ్ళ తరబడి కుక్కపిల్లల్ని పెంచి, గమనించి 1965లో పుస్తకంగా తెచ్చిన విషయమిది. ఆ వయసులో వెనకనుంచి పళ్ళెం మోగించిన చెయ్యిని అది మర్చిపోదు. పోయే ఎక్కిళ్ళని పోగొట్టడానికి పోని భయాన్ని లోపల పెట్టినట్టయింది. నేను ఊరుకోమంటున్నది పిల్ల మీద నిర్లక్ష్యంతో కాదు, మన చేతుల్నించి దాన్ని కాపాడుకోవడానికి.

తమ్ముడు: నువ్వు చెప్పిన ఒక్కో చికిత్సా మానాల్సిందే. అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఆ చికిత్సలన్నీ ఎక్కణ్ణించి వచ్చాయో ఆలోచించు. ఏం చూడాలో తెలియని మనిషికి ఏం చెయ్యాలో వెతుక్కోవడం ఒక్కటే మిగులుతుంది. చెయ్యొద్దు అని చేతులు కట్టేస్తే సరిపోదు, కళ్ళకి పని చెప్పాలి. మందు వెయ్యకపోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. ఊరుకో అన్న మాటలో ఆ రెండూ కలిసిపోతున్నాయి.

అక్క: సరే, కళ్ళకి పని చెప్దాం. అప్పుడు చూస్తున్నది ఏమిటో కూడా తెలియాలి కదా. ఎక్కిళ్ళు అసలు ఎందుకొస్తాయి? 2019లో లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్ళు అప్పుడే పుట్టిన పదముగ్గురు పసికందుల మెదడు తరంగాలు నమోదు చేశారు. ఒక్కో ఎక్కిలికీ మెదడులో వరసగా మూడు తరంగాలు లేచాయి. తన ఊపిరి కండరాలు ఎక్కడున్నాయో, వాటిని ఎలా ఆడించాలో పసి మెదడు ఈ కుదుపుల్లో నేర్చుకుంటోందని వాళ్ళ ఊహ. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలు రోజుకి దాదాపు పావుగంట ఎక్కిళ్ళలోనే గడుపుతారట. 2012లో డేనియల్ హౌస్ అనే వైద్యుడు ఇంకో దారి చూపించాడు. ఎక్కిళ్ళు పాలు తాగి పెరిగే జీవుల్లోనే ఉన్నాయి, పాలతో పాటు మింగిన గాలిని పొట్టలోంచి పైకి లాగి, పాలకి చోటు చెయ్యడానికే ఈ ఏర్పాటు అంటాడు. ఇద్దరిలో ఎవరి మాట నిలిచినా ఎక్కిళ్ళు లోపం కాదు, పసి ఒళ్ళు చేసుకునే పని. ఆ పనికి మనం అడ్డం పడకూడదు.

తమ్ముడు: ఇద్దరినీ చెప్పి మూడోవాళ్ళని వదిలేశావు. 2003లో క్రిస్టియన్ స్ట్రాస్, ఆయన తోటి పరిశోధకులు వేరే మాటన్నారు. తోకకప్పలు మొప్పలతో నీళ్ళు ఆడించేటప్పుడు ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోకుండా గొంతు మూసుకుంటాయి, ఎక్కిలిలోనూ అదే ఆట. నీళ్ళు విడిచి నేల మీదికొచ్చిన పూర్వీకుల నాడీ వ్యవస్థలోంచి మిగిలిపోయిన పాత తంతు అది అన్నారు. అయితే పాలు చప్పరించే పద్ధతి ఆ పాత తంతు మీదే కట్టుకుని ఉండొచ్చని కూడా అన్నారులే. నేను చెప్పేదేమిటంటే, ఈ ముగ్గురిలో ఎవరూ కుక్కపిల్లని కొలవలేదు. ఊహలు ఊహలుగానే ఉన్నాయి. ఒక పని ఒంటికి ఉపయోగమని తేలినంత మాత్రాన అది గాడి తప్పదని కాదు. దగ్గు ఊపిరితిత్తుల్ని శుభ్రం చేసే పనే, అయినా ఆగని దగ్గుని మనం ఊరికే వదిలెయ్యం.

నాకైతే హౌస్ మాటే పనికొచ్చేలా ఉంది. పొట్టలో గాలి ఉంటే ఎక్కిళ్ళు వస్తాయనుకుందాం. మరి ఆ గాలి ఎందుకు చేరింది? పిల్ల గబగబా మింగింది. ఎందుకు మింగింది? నలుగురైదుగురు తోబుట్టువుల మధ్య ఒకే పళ్ళెంలో తిని పెరిగింది, తల పక్కకి తిప్పితే అన్నం ఉండదని దానికి తెలుసు. నెల నిండకుండానే తల్లి దగ్గర్నించి లాగి అమ్మేశారు. ఎనిమిది వారాలు నిండని పిల్లని అమ్మకూడదని మన దేశంలో కుక్కల పెంపకం, అమ్మకాల మీద వచ్చిన 2017 నిబంధనల్లో స్పష్టంగా రాసి ఉంది, ఎక్కడ పాటిస్తున్నారు? ఆ పిల్ల మనింటికి వచ్చాక కూడా పళ్ళెం చూడగానే మీద పడుతుంది. రోజూ భోజనం కాగానే ఎక్కిళ్ళు. అది జబ్బు కాదు, నేనూ ఒప్పుకుంటాను. కానీ అది పిల్ల గతం గురించీ పళ్ళెం గురించీ మనకి ఏదో చెప్తోంది.

అక్క: ఇది బాగుంది. ఇక్కడ నీకూ నాకూ తగువు లేదు. పిల్లని ముట్టుకోకుండా పళ్ళేన్ని మార్చవచ్చు. లోతు తక్కువ పళ్ళెంలో పరిచి పెట్టినా, ఒక పెద్ద పూటని మూడు నాలుగు చిన్న పూటలు చేసినా అది నెమ్మదిస్తుంది. రెండు కుక్కపిల్లలుంటే వేరువేరు గదుల్లో పెట్టాలి, ఎదుటిది తింటోందన్న ఆత్రం సగం తగ్గుతుంది. పాల సంగతి కూడా చెప్పాలి. కుక్క పాలల్లో కొవ్వూ మాంసకృత్తులూ ఆవుపాలకి రెట్టింపు పైన ఉంటాయి, లాక్టోజు తక్కువ. మనం ఆవుపాలని నీళ్ళు కలిపి మరీ పోస్తాం. బలం చాలదు, ఇంకా ఆకలేస్తుంది, ఇంకా గబగబా తాగుతుంది. పొట్ట మాత్రం డప్పులా అవుతుంది, విరేచనాలు పట్టుకుంటాయి. సెరెలాక్ కలిపి పెట్టేవాళ్ళది కూడా ప్రేమే, కానీ అది మనిషి బిడ్డ కోసం చేసింది. తల్లిలేని పిల్ల అయితే కుక్కపిల్లల కోసమే అమ్మే పాలపొడి తేవాలి, లేకపోతే ఏం పట్టాలో డాక్టర్ని అడగాలి.

తమ్ముడు: చూశావా, ఎక్కిళ్ళని చూస్తూ కూర్చుంటే పళ్ళెం దాకా వచ్చాం.

అక్క: వచ్చాం. ఆసుపత్రి దాకా పోలేదు. నా పట్టుదలంతా అక్కడే. టీకాలు పూర్తికాని పిల్లని ఎక్కిళ్ళొచ్చిన ప్రతిసారీ ఆసుపత్రికి తీసుకుపోయావనుకో. వరండాలో పక్కన ఏ కుక్క కూర్చుందో నీకు తెలియదు. పార్వో వైరస్ నేలమీద నెలల తరబడి బతుకుతుంది. మామూలు ఫినాయిలుతో కడిగినా చాలాసార్లు చావదు, బ్లీచింగ్ కావాలి. అక్కడి బెంచీ కింద వాసన చూసిన పిల్లకి వారం తిరక్కుండా వాంతులు, నెత్తురు విరేచనాలు మొదలైతే? రెండు మూడు రోజుల్లో ప్రాణం పోయే జబ్బది. ఎక్కిళ్ళ కోసం తీసుకెళ్ళి పార్వోతో తెచ్చుకున్నట్టవుతుంది. అతి జాగ్రత్తకి కూడా ఖరీదుంటుంది, అది పిల్లే చెల్లిస్తుంది.

తమ్ముడు: ఈ మాటకి నా దగ్గర సగం జవాబే ఉంది. ఆ ప్రమాదం నిజమే, అందుకే పిల్లని నేల దించకుండా ఒళ్ళోనే ఉంచుకొమ్మంటారు. మిగతా సగం ఫోన్లో ఉంది. ఆసుపత్రికి చేరేసరికి ఎక్కిళ్ళూ ఉండవు, అదురూ ఉండదు, పిల్ల బల్లమీద నిలబడి డాక్టరు చెయ్యి నాకుతూ ఉంటుంది. ఆయన మాత్రం ఏం చూస్తాడు? ఇంట్లో వచ్చినప్పుడే ఒక నిమిషం వీడియో తీసి పెట్టుకోవాలి. వెలుతుర్లో, పక్కనుంచి, డొక్కా ముఖమూ రెండూ కనపడేలా, చప్పుడు వినపడేలా. దాన్ని చూస్తే చాలాసార్లు డాక్టరు రానక్కర్లేదని అక్కణ్ణించే చెప్పేస్తారు. నువ్వు కోరుకున్న ఊరట కూడా అందులోనే దొరుకుతుంది.

కానీ మామూలే అన్న మాట ఎంత దూరం పోగలదో నీకు ఒక జాతిని చూపిస్తాను. 2003లో హచ్ అనే మొబైల్ ఫోన్ కంపెనీ పగ్ కుక్కతో తీసిన ప్రకటన వచ్చాక మన ఊళ్ళన్నీ పగ్‌లతో నిండిపోయాయి. ముక్కు రంధ్రాలు సన్నం, మెత్తటి అంగిలి పొడుగు, మూతి లోపల గాలి ఆడే చోటే తక్కువ. ఊపిరి కోసం పాట్లుపడుతూ గాలి మింగుతుంది. తిన్నది పైకి తన్నుకొస్తుంది. కొన్నింటికి పొట్ట పైభాగం డయాఫ్రంలో ఉన్న సందులోంచి ఛాతీలోకి జరుగుతుంటుంది. ఆ పిల్లకి ఎక్కిళ్ళు, గురక, కక్కు, అన్నీ కలగలిసి వస్తాయి. కూర్చునే నిద్రపోతుంది, పడుకుంటే ఊపిరాడదు కాబట్టి. ఇంట్లోవాళ్ళు ముచ్చటపడి ఫోటో తీస్తారు. అడిగితే పగ్‌లంటే అంతే అంటారు. ఒక్కరూ అబద్ధం చెప్పడం లేదు, అది ఆ జాతికి మామూలే. మామూలైనంత మాత్రాన దాని అవస్థ అవస్థ కాకుండా పోయిందా?

అక్క: లేదు. పగ్ గురించి నువ్వు చెప్పినదానికి నేను అడ్డు చెప్పలేను. అక్కడ మామూలు అన్నదాన్ని తయారుచేసింది మనిషి. నేను ఊరుకోమంటున్నది ప్రకృతి తన పద్ధతిలో చేసుకునే పని గురించి. మనం మూతి నొక్కేసి పెంచుకున్న పిల్ల దగ్గర ఆ మాట చెల్లదు. ఆల్సేషన్ పిల్లల్లోనూ ఒకటి ఉంది, అన్నవాహిక చుట్టూ పుట్టుకతో రక్తనాళం బిగుసుకుని ఉండటం. పాలు తాగినన్నాళ్ళూ తెలియదు. గట్టి తిండి మొదలుపెట్టగానే తిన్నది తిన్నట్టే బయటికొస్తుంది, ఒళ్ళు పట్టదు. దాన్ని కూడా తిండి దగ్గర ఎక్కిళ్ళనుకుని గడిపేస్తే ఆపరేషన్ చేయించాల్సిన వయసు దాటిపోతుంది. ఇది నీ వైపు వాదనే, నేనే చెప్తున్నాను.

తమ్ముడు: మరైతే గీత ఎక్కడ గీస్తావు?

అక్క: సమయం దగ్గర గీస్తాను. మనుషుల్లో 48 గంటలు దాటిన ఎక్కిళ్ళని డాక్టర్లు మామూలు ఎక్కిళ్ళుగా లెక్కెయ్యరు. ఇంత చిన్న పిల్ల దగ్గర అంతసేపు ఆగమనను. కొద్ది నిమిషాలయితే లెక్కలోకే రాదు. కొన్ని గంటలు ఆగకుండా వస్తే చూపించాలి.

తమ్ముడు: నేను సమయం దగ్గర గీయను. గంటసేపు ఎక్కిళ్ళొచ్చినా హుషారుగా తిని ఆడే పిల్లని చూసి నాకు బెంగ లేదు. రెండే నిమిషాలొచ్చినా, ఆ పూట తిండి వద్దని మూలకి పోయిన పిల్లని చూస్తే గుండె ఝల్లుమంటుంది. ఎక్కిళ్ళతో పాటు ఏమొచ్చిందన్నదే నాకు గీత. దగ్గు, ముక్కు కారడం, తిన్నది పైకి రావడం, చిగుళ్ళు తెల్లబడటం, నీలమవడం, నిద్రపోయే పిల్ల నిమిషానికి నలభై సార్లకి మించి ఊపిరి తియ్యడం. కాల్షియం బాగా పడిపోతే గుండె కొట్టుకున్నప్పుడల్లా డొక్క ఎగిరే జబ్బొకటుంది. అది అరుదు, దాన్ని చూపించి ఎవర్నీ భయపెట్టను. పైన చెప్పినవి మాత్రం రోజూ కనపడేవే.

అక్క: అవన్నీ నేనూ ఒప్పుకుంటాను. ఒక్కటి కూడా తీసెయ్యను.

తమ్ముడు: అయితే ఇంక మనకి తేడా ఏముంది?

అక్క: ఉంది. పక్కింటి అమ్మాయి నిన్న సాయంత్రం కుక్కపిల్లని తెచ్చుకుంది. రాత్రి పదింటికి ఫోన్ చేసింది, ఎక్కిళ్ళొస్తున్నాయి ఏం చెయ్యమంటారని. నీ గొంతులో మొదటి మాట ఏం రావాలి? ఏం కాదమ్మా, అని రావాలి. అది విన్నాక ఆమె ఊపిరి పీల్చుకుంటుంది, చేతిలో సీసా కింద పెడుతుంది, అప్పుడు చూడాల్సినవన్నీ నువ్వు చెప్తే ఆమె చెవికెక్కుతాయి. ముందే జబ్బుల జాబితా విప్పావంటే సగం వినకుండానే పిల్లని వెల్లకిలా తిప్పేస్తుంది.

తమ్ముడు: ఏం కాదమ్మా అన్న మాట వినగానే ఫోన్ పెట్టేసేవాళ్ళే ఎక్కువక్కా. వాళ్ళకి కావలసింది ఆ ఒక్క మాటే, మిగతాది మర్యాదకి వింటారు. నేనైతే ముందు అడుగుతాను. అన్నం తిన్నదా? టీకా పడిందా? నట్టల మందు వేశారా? చిగుళ్ళ రంగు చూసి చెప్పమ్మా, అని. చూసి వచ్చి చెప్పాకే ఏం కాదంటాను.

అక్క: ఆ చూసొచ్చే రెండు నిమిషాలూ ఆమె పడే కంగారులో ఏం చేస్తుందో నీకు తెలియదు.

తమ్ముడు: చూడకుండా నిద్రపోయిన ఇంట్లో తెల్లారేసరికి ఏమవుతుందో నీకూ తెలియదు.